చేటెడు తవుడుకు కొన్న కొడుకు

"పౌలు సత్తెం! ఆ ముసలమ్మ అన్నది అదే సార్. ఈ చెవులతోనే విన్నా" అని కానిస్టేబులు మాదన్న మూడోసారి చెప్పి, చెవులను కూడా సాక్షులుగా హాజరు పరుస్తున్నట్టు రెండూ పట్టుకుని చూపించాడు.

అసలు సాక్షి వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పేరు పౌలు. పని గుంతలు తవ్వడం. ఎమ్మిగనూరు రోడ్డు పక్కన మోరీ కోసం గుంత తవ్వుకుంటున్నవాణ్ణి గడ్డపారతో సహా ఆదోని స్టేషనుకు ఎత్తుకొచ్చారు. పొద్దుటినుంచి అతను అడుగుతున్నది ఒక్కటే. "నన్నెందుకు పట్టుకొచ్చినారు సామీ?" పొద్దుటినుంచి ఎవరూ చెప్పనిదీ ఆ ఒక్కటే.

"నిన్న పిల్లోణ్ణి జీపెక్కించేటప్పుడు ఆ ముసలమ్మ రొమ్ము బాదుకోని 'పౌలు సత్తెం పెట్టుకున్నా సారూ, పౌలు సత్తెం!' అని ఏడ్చింది. పౌలు అనేటోడు వచ్చి సత్తెం సెప్తాడనే గదా దాని అర్థం?" అన్నాడు మాదన్న. "యెతికి యెతికి పట్టుకొస్తే వీడు నోరిప్పడు."

డిటెక్టివ్ ఉచ్చీరప్ప పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ రోజుకు అదే తన ఆఖరి నవ్వని ఆయనకు తెలియదు.

ఉచ్చీరప్ప పేరులోనే ఉచ్చు ఉంది. ఆదోని బళ్ళారి జిల్లాలో ఉన్న కాలంలో పోలీసు ఉద్యోగం చేశాడు. పై అధికారిని "పైపై అధికారి" అని మొహం మీదే అన్నందుకు ఆ ఉద్యోగం ఊడింది. జిల్లా మారి ఆదోని కర్నూలుకు వచ్చింది, ఆయన మాత్రం మారలేదు. సొంత బోర్డు కట్టుకుని దొంగల్నీ, దొంగలు దొరకని రోజున మాటల్నీ పట్టుకుంటూ బతుకుతున్నాడు.

"మాదన్నా, చెవుల్లో దూది తీసెయ్ రా. ఆదోనిలో దూది మిల్లుల్లో ఉండాల గానీ పోలీసు చెవుల్లో కాదు. అది పౌలు కాదప్పా, పౌర..."

"ఉచ్చీరప్పా!" అని లోపలినుంచి కేక. "నీకిక్కడేం పని?"

ఇన్‌స్పెక్టరు దేవేంద్రప్ప. విదేశీయుల కేసులు చూడడానికి కర్నూలునుంచి వచ్చినవాడు. పురాణాల్లో దేవేంద్రుడికి ఒంటినిండా కళ్ళు. ఈ దేవేంద్రప్పకు ఉన్నవి రెండే, ఆ రెండూ కాగితం మీదే.

"మగ్గం చెన్నప్ప నన్ను పెట్టుకున్నాడు సార్" అన్నాడు ఉచ్చీరప్ప లోపలికి పోతూ. "నిన్న మీరు ఎమ్మిగనూరునుంచి తెచ్చిన పిల్లోణ్ణి ఇడిపించాలంట."

"చెన్నప్పకు వాడు ఏమవుతాడు?"

"పక్కింటి పిల్లోడంట."

"పక్కింటి పిల్లవాడి కోసం ఎవడైనా డిటెక్టివును పెట్టుకుంటాడా?"

ఉచ్చీరప్పను కూడా పొద్దుటినుంచి తొలుస్తున్న అనుమానం అదే. చెన్నప్ప తెల్లవారకముందే తలుపు తట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మగ్గం మీద సగం నేసిన చీర వదిలి వచ్చానన్నాడు. ఎవరి పిల్లవాడప్పా అంటే మాత్రం ప్రతిసారీ తల దించుకుని "మా పక్కింటామె పిల్లోడు సామీ" అన్నాడు.

"విను" అన్నాడు దేవేంద్రప్ప. "ఎమ్మిగనూరులో దూదేకుల ఖాసింబీ అని ఒక ముసలామె. కూతురు మాలంబీ పెళ్ళయి కరాచీ పోయింది. అక్కడ కొడుకు పుట్టాడు. మాబు. మొగుడు పోయాక, రెండేళ్ళ కిందట ఆ కొడుకును తెచ్చి తల్లి దగ్గర వదిలింది. గడువు అయిపోయేసరికి తాను వెనక్కి పోయింది. మనవణ్ణి ఈ దేశపు పౌరుడిగా రాయించమని ముసలామె వాడి తరఫున దరఖాస్తు పెట్టింది. కన్నతల్లి అక్కడ బతికుండగా అవ్వ వేలిముద్ర చెల్లదు. కొట్టేశారు. పిల్లవాణ్ణి తల్లికి అప్పజెప్పమని తాఖీదు వచ్చింది. సాయంత్రం బొంబాయి మెయిలు."

"పోరణ్ణి పౌరుణ్ణి చెయ్యమంటే పొలిమేర దాటించమన్నారు."

"నీ మాటల గారడీ నా దగ్గర కాదు. ఇంట్లో ఉన్నది ఒక్క పిల్లవాడు. 'ఎవరి బిడ్డ' అంటే ఖాసింబీ 'నా బిడ్డే' అన్నది. వాడు నీ చెన్నప్ప భార్య సుంకులమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తుంటే నాకూ అనుమానం వచ్చింది. ఆమెనూ అడిగాను, 'నీ కొడుకా?' అని. 'కాదు సామీ, ఖాసింబక్క బిడ్డ' అన్నది. ఇద్దరూ వేలిముద్ర వేశారు. వీధిలో ఎవరిని అడిగినా అదే మాట. కరణం పుస్తకంలోనూ పిల్లవాడు అవ్వ ఇంటివాడనే ఉంది. ఇంకేం కావాలి నీకు?"

గది మూల బెంచీ మీద ఆరేళ్ళ పిల్లవాడు కాళ్ళాడిస్తూ బొరుగులు తింటున్నాడు. ముక్కు కుట్టి ఉంది, రంధ్రంలో సన్నటి రాగి తీగ. ఉచ్చీరప్ప వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పేరేంది నాయనా?"

"హుసేనప్ప."

"మాబు కాదా?"

"మాబు మాబే. నేను హుసేనప్ప."

"ముద్దుపేర్లు" అన్నాడు దేవేంద్రప్ప.

"ఎవురి కొడుకువప్పా నువ్వు?"

పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క ఊపిరిలో "ఖాసింబవ్వ కొడుకుని" అన్నాడు.

"మీ అమ్మ ఏం సేస్తాంటుంది?"

"కండెలు సుడతాంటుంది." ఈసారి అప్పజెప్పలేదు. నోట్లో బొరుగులతోనే చెప్పాడు.

ఉచ్చీరప్ప లేచాడు. "ఇన్‌స్పెక్టరుగారూ, ఖాసింబీ దూది ఏకుతుంది. కండెలు చుట్టేది మగ్గం ఇంటి ఆడది. ఇంకొకటి, మగపిల్లోడికి ఈ ముక్కు సూసినారా?"

"పొరుగింటామెను అమ్మా అని పిలవని పిల్లవాడు ఎక్కడున్నాడు? ముక్కులు చూడడం కంసాలి పని. మెయిలు ఐదున్నరకు. అంతలోపల వేలిముద్రను మించిన సాక్ష్యం ఉంటే పట్టుకురా."

*

ఎమ్మిగనూరులో బస్సు దిగి చెన్నప్ప ఇంటికి పోయేసరికి సుంకులమ్మ రాట్నం ముందు కూర్చుని తిప్పుతోంది. రాట్నం తిరుగుతోంది, కండె తిరుగుతోంది, నూలు మాత్రం లేదు. ఉచ్చీరప్ప కాసేపు ఆ ఖాళీ కండెను చూశాడు.

"వాడు నీ కొడుకే గదమ్మా?"

రాట్నం ఆగింది. "కాదు సామీ."

"వాడి ముక్కు ఎవురు కుట్టించినారు?"

చెన్నప్ప మగ్గం గుంతలోకి దిగి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"బిడ్డలు నిలవని ఇంట్లోనే మగపిల్లోడికి ముక్కు కుట్టిస్తారు తల్లీ. మీ పక్కింటి మాలంబికి మాబే తొలిసూరు. ఆమెకు ఆ భయమెందుకు? నీకు ముందు ఎంతమంది పోయినారు?"

"నలుగురు" అన్నది సుంకులమ్మ. "ఒగడు పురుడు తీరకముందే. ఒగడు పాలు తాగతా తాగతానే."

"ఐదోవాణ్ణి?"

"అమ్మేసినా."

"ఎవురికి?"

"ఖాసింబక్కకు. బొడ్డు కోసిన పొద్దే చేటలో పండబెట్టి అమ్మేసినా."

"ఎంతకు?"

"చేటెడు తవుడుకు."

ఉచ్చీరప్పకు ముడి విడిపోయింది. విడిపోయిన ముడి కట్టి ఉన్న ముడికంటే ఘోరంగా కనిపించింది.

వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో మళ్ళీ పుట్టిన బిడ్డను పరాయివాళ్ళకు అమ్మేస్తారు. చావు ఆ ఇంటికి వెతుక్కుంటూ వచ్చినా 'ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు' అని తిరిగిపోవాలి. కొన్నవాళ్ళు కొలిచే పీరు పేరు పెడతారు. ముక్కు కుట్టి పనికిరాని బిడ్డలా చూపిస్తారు. పాలిచ్చేదీ పెంచేదీ కన్నతల్లే. కానీ ఏడో ఏటి పీర్ల పండగలో, అదే చేటలో తవుడు పోసి తిరిగి కొనుక్కునేదాకా 'నా కొడుకు' అన్న మాట ఆమె నోట రాకూడదు. వస్తే చావు వింటుంది. అందుకే వీధి వీధంతా ఆ అబద్ధానికి కాపలా కాస్తుంది. కరణం పుస్తకంలో కూడా చెన్నప్ప అదే రాయించాడు. చావుకు చెప్పిన అబద్ధం అది. చావు నమ్మిందో లేదో గానీ పోలీసులు నమ్మారు.

"ఒక్క మాట తల్లీ" అన్నాడు ఉచ్చీరప్ప. "నాతో ఆదోనికి వచ్చి 'నా కొడుకు' అను. చాలు."

"అనను."

"అనకపోతే రైలెక్కించి పాకిస్తాన్‌కు పంపిస్తారమ్మా!"

"పంపనీ. యాడో ఒగ సోట బతికింటాడు గదా." ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. "నలుగురికి అన్నా సామీ, నా కొడుకు, నా కొడుకు అని. నలుగురూ పోయినారు. వీడు కనపడకపోయినా పర్వాలేదు. ఉండాల."

దొంగలను ఒప్పించడం ఉచ్చీరప్పకు తెలుసు. తల్లిని ఒప్పించడం ఎలాగో ఏ ఉద్యోగంలోనూ నేర్పలేదు.

"గడువుకు ముందే తిరిగి కొనుక్కోకూడదా?" అని అడిగాడు.

"కొన్నామె మనస్పూర్తిగా అమ్మితే దోసం లేదని మా అత్త అంటాండె."

"మరి ఆ రెండోవాడు, మాబు, యాడున్నాడు?"

"ఎండాకాలంలో ఖాసింబక్క పల్లెల్లో దూది ఏకను పోతా ఎంట తీస్కపోయింది. పత్తికొండలో చెల్లెలింట్లో ఇడిసినానన్నది. మళ్ళా రాలేదు."

*

ఖాసింబీ తలుపు తాళం వేయబోతోంది. పిల్లవాణ్ణి అప్పజెప్పే కాగితం మీద వేలిముద్ర వేయడానికి సాయంత్రం రమ్మని దేవేంద్రప్ప చెప్పి పోయాడు. ఉచ్చీరప్ప ఆమెను పక్కకు జరిపి లోపలికి పోయాడు.

ఒకే గది. గోడకు గుడ్డ కప్పిన చేట. ఇంకే పనికీ వాడని చేట అని చూడగానే తెలుస్తుంది. దూలానికి దూది ఏకే పెద్ద విల్లు వేలాడుతోంది. దాని పక్కన మేకుకు మూరెడు పొడవు చిన్న విల్లు, పసిచేతికి సరిపోయేది.

"ఇదెవురిది అవ్వా?"

"మాబుది. వాడి ఆటకు సేసిచ్చినా."

"దీనికి నారి లేదే?"

"ఎలుకలు కొరికినాయి."

నారి అక్కడే ఉంది. నీటుగా చుట్టచుట్టి అదే మేకుకు తగిలించి ఉంది. ఎలుకలు నారిని కొరుకుతాయి గానీ చుట్టి మేకుకు తగిలించవు.

ఉచ్చీరప్ప ఆమె చేతివైపు చూశాడు. మణికట్టుకు నల్లదారం రెండు చుట్లు. దానికి చిన్న రాగి తావీదు. పెద్దవాళ్ళు కట్టుకునే తాయెత్తు కాదు, పసిబిడ్డ మెడలోది. పిల్లవాణ్ణి ఊరికి పంపేవాళ్ళు తావీదు మెడలో కట్టి పంపుతారు, విప్పుకుని పంపరు. నోటి చివరిదాకా వచ్చిన మాటను ఆయన మింగేశాడు.

"పోదాం పా అవ్వా" అన్నాడు. "ఆ చేట కూడా తీస్కో."

*

చేట ఎక్కడుంటే చేటు అక్కడ అంటారు. ఆ సాయంత్రం రెండూ ఆదోని పోలీసు స్టేషను వరండాలోనే ఉన్నాయి. చేట వెంట సుంకులమ్మా చెన్నప్పా కూడా బస్సెక్కి వచ్చారు. బయట జట్కావాడి గుర్రం సంచిలోనుంచి తవుడు తెచ్చి చేటలో పోశారు. గుర్రం పరాయివాళ్ళ సంసారంలోకి తన మేత పోతున్నందుకు సకిలించింది. పౌలు గడ్డపార పక్కకు జరిపి చోటిచ్చాడు.

"ఇదేం నాటకం?" అన్నాడు దేవేంద్రప్ప.

ఉచ్చీరప్ప అమ్మకం సంగతంతా చెప్పాడు. "మీ కళ్ళముందే తిరిగి కొంటుంది సార్. కొన్నాక నోరు తెరిచి నా కొడుకు అంటుంది. అప్పుడు మీరే రాసుకోండి."

దేవేంద్రప్ప గడియారం చూశాడు. "తొందరగా కానీ."

సుంకులమ్మ తవుడు చేట రెండు చేతులా ఎత్తి ఖాసింబీ ముందు మోకరించింది. "అక్కా, తవుడు తీస్కోని నా... ఆ పిల్లోణ్ణి ఇయ్యి."

ఖాసింబీ చేట ముట్టలేదు.

"అమ్మను" అన్నది.

"అక్కా!"

"నా బిడ్డ. కొన్నా. అమ్మను."

"చూశావా?" అన్నాడు దేవేంద్రప్ప, అప్పుడే కేసు గెలిచినవాడిలా. "మాదన్నా, పిల్లవాణ్ణి రైలు స్టేషనుకు తీసుకెళ్ళు."

"ఆగండి" అన్నాడు ఉచ్చీరప్ప. ఖాసింబీ మణికట్టు మెల్లగా పట్టుకుని పైకెత్తాడు. "తాఖీదు వచ్చేసరికి నీ దగ్గర మిగిలింది ఈ తావీదే గదా అవ్వా?"

ఆయన జన్మలో ఆడిన మాటల్లో ఎవరూ నవ్వనిది, ఆయనకే నవ్వు రానిది, అదొక్కటే.

"పత్తికొండలో లేడు మాబు. పల్లెలు తిరగను పోయిన బిడ్డ తావీదు నీ చేతికెట్లా వచ్చింది? వాడాడుకునే విల్లుకు నారి ఎందుకు విప్పినావు?"

ఖాసింబీ గోడకు జారి కూర్చుంది. మణికట్టు దారాన్ని వేళ్ళతో తిప్పింది.

"దేవనకొండకాడ ఒళ్ళంతా అమ్మోరు పోసింది వానికి" అన్నది. "బండి మీద ఏసుకోని వస్తాంటే దోవలోనే పోయినాడు. ఊరోళ్ళు రానీలేదు, అంటుకుంటాదని. నా చేత్తోనే పూడ్సినా. మాలంబికి రాయించలేదు. ఏమని రాయించాల? మొగుడు పోయె, దానికి ఉండేది ఆ ఒగ పేరే. అర్జీ పెట్టినా, పిల్లోడు ఈడోడు ఐతాడు, తర్వాత నిన్నూ పిలిపించుకుంటామని రాయిస్తా ఉన్నా. వాడు పోయినాంక కూడా అదే రాయించినా."

"అయితే నిన్న..." అన్నాడు దేవేంద్రప్ప.

"నిన్న మీరొచ్చినారు. పిల్లోణ్ణి తల్లికాడికి పంపిస్తామన్నారు. హుసేనప్ప ఎదురుగా ఉన్నాడు. ఎవురి బిడ్డని అడిగినారు. నా బిడ్డ అన్నా. జీపెక్కిస్తాంటే ఏడ్సింది మాబు అర్జీ తలుసుకోని." ఆమె సుంకులమ్మ వైపు చూడలేదు. "మాలంబి ఒళ్ళో ఒగ బిడ్డ పడతాడు గదా అనుకున్నా. వాడు కాదని అది గుర్తుపడతాది. పట్టినా కాదనదు. దిక్కులేనిది, ఎవురు పంపిన బిడ్డనైనా కాదనదు. నేను దొంగతనం సెయ్యలేదు సారూ. కొన్నా."

సుంకులమ్మ చేతిలో చేట ఒరిగి తవుడు అంచులనుంచి రాలింది. అరుస్తుందనుకున్నారు అందరూ. అరవలేదు. అరిస్తే చావు వింటుందేమోనన్న భయం ఆమెను అప్పటికీ వదల్లేదు. చేట కింద పెట్టేసింది.

హుసేనప్ప బెంచీ దిగి వచ్చాడు. వాడికి ఆ చేట తెలుసు. పీర్ల పండగ వచ్చినప్పుడల్లా, 'ఏడో ఏట నిన్ను ఇందులో కూసోబెట్టి కొనుక్కుంటాం' అని వీధిలో అందరూ చెప్పిందే. వాడు తవుడు మీదే చేటలో ఎక్కి కూర్చున్నాడు. పట్టలేదు. మోకాళ్ళు బయటికి వచ్చాయి, చేట అంచు పుటుక్కున విరిగింది.

"కూసున్నా అవ్వా" అన్నాడు ఖాసింబీతో. "ఇంగ అమ్ము. ఇంటికి పోదాం."

ఖాసింబీ వాడి మోకాళ్ళు చూసింది. ఆ మోకాళ్ళ పక్కన ఇంకో రెండు చిన్న మోకాళ్ళు కూడా కనిపించాయో ఏమో, నోట్లో కొంగు కుక్కుకుంది. తర్వాత వాడి కింది తవుడు ఒక గుప్పెడు తీసి తన ఒళ్ళో పోసుకుంది.

"తీస్కో సుంకులా" అన్నది. "అమ్మేసినా. మనస్పూర్తిగానే."

సుంకులమ్మ వాణ్ణి ఎత్తుకుంది. వాడి చెవిలో ఏదో అన్నది.

"అలా కాదమ్మా" అన్నాడు దేవేంద్రప్ప. "పైకి చెప్పాలి. నేను రాసుకోవాలి."

ఆమె ఆకాశంవైపు ఒకసారి చూసింది. వాడి తలమీద కొంగు కప్పింది, పైనుంచి రాళ్ళు పడబోతున్నట్టు.

"నా కొడుకు!" అని అరిచింది. మళ్ళీ వెంటనే వాడి నుదురు తడిమి చూసింది. మరో నిమిషానికి మళ్ళీ చూసింది. ఇక ఆమె బతికినన్నాళ్ళూ ఆ చెయ్యి ఆ నుదుటిని వదలదని ఉచ్చీరప్పకు అర్థమయింది. చెన్నప్ప తలపాగా విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మెయిలు కూత వేసి వెళ్ళిపోయింది. దేవేంద్రప్ప ప్రయాణం కాగితం చింపలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ పిల్లవాణ్ణి వదిలేస్తున్నాను. ఉచ్చీరప్పా, నువ్వు గెలిచావు. కానీ మాబు పేరున తాఖీదు అలాగే ఉంది. వాడు చనిపోయాడన్నది ఈమె నోటిమాట. నోటిమాట నమ్మి నిన్న ఒకసారి చెడ్డాను. ఇంకోచోట దాచి ఉంటే? పిల్లవాణ్ణి చూపించాలి. లేకపోతే రేపు దేవనకొండలో తవ్వి చూపించాలి."

"మళ్ళా లేపుతారా వాణ్ణి?" అన్నది ఖాసింబీ. "ఎట్లనో నిద్రపుచ్చినా సారూ."

వరండా గోడ పక్కన పొద్దుటినుంచి ఉన్న ప్రశ్న మళ్ళీ వినిపించింది.

"సామీ, నన్నెందుకు పట్టుకొచ్చినారు?"

ఉచ్చీరప్ప పౌలు పక్కన కూలబడ్డాడు. అందరికీ వినబడేలా, ఒక్క చమత్కారం లేకుండా చెప్పాడు. "ఈ అవ్వ నిన్న ఏడ్చింది పౌరసత్వం అని అప్పా. పౌరసత్తెం పెట్టుకున్నా అన్నది. ఈ మాదన్నకు పౌలు సత్తెం అని వినబడింది. అందుకని నిన్ను తెచ్చినారు. అంతే. నీ తప్పేం లేదు."

మాదన్న తన చెవులను ముట్టుకోబోయి చెయ్యి దించుకున్నాడు.

"పౌరసత్తెం అంటే ఏంది సామీ?"

"నువ్వు ఈ దేశపోనివి అని."

"అది నాకుందా?"

"ఉందప్పా."

"నేనెప్పుడూ అర్జీ పెట్టలేదే."

"నీకు అక్కరలేదు. ఈడ పుట్టినావు."

పౌలు ఆ సంగతి ఆలోచిస్తూ లేచి గడ్డపార భుజాన పెట్టుకున్నాడు. దేవేంద్రప్ప చూపు ఆ గడ్డపార మీద పడింది.

"వాణ్ణి పంపకు మాదన్నా. రేపు తవ్వడానికి మనిషి కావాలి."

పౌలు ఆయనవైపు చూశాడు. ఒళ్ళో గుప్పెడు తవుడుతో కూర్చున్న ముసలామెవైపు చూశాడు. భుజంమీది గడ్డపార దించి, చప్పుడు కాకుండా నేలమీద పడుకోబెట్టాడు.

"అట్లయితే నాకా సత్తెం వద్దు సామీ."

"వద్దంటే పోయేది కాదది" అన్నాడు దేవేంద్రప్ప, గడ్డపార తీసి లోపల పెట్టమని మాదన్నకు సైగ చేస్తూ.